మురికి మంట

బజార్లో అతన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. నీలిమంట అంటారు. గ్యాసు స్టవ్వులు బాగుచేసే కొట్టు పెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఎవరింట్లో మంట పసుపుబారినా, ఎవరి గిన్నెల అడుగులు మసిబారినా అతనికే కబురు. వచ్చి, సంచీలోంచి సన్నటి పిన్ను తీసి, బర్నరు జెట్టులో రెండుసార్లు పొడిచి, గాలి రింగు కాస్త అటో ఇటో తిప్పి, స్టవ్వు వెలిగించి పక్కకి తప్పుకుని నిలబడేవాడు. ఆ నిలబడడం చూడాలి. ఒక్క పసుపు చుక్క లేకుండా నీలం మంట గుండ్రంగా లేస్తే, దాన్ని తానే కన్నట్టు మురిసిపోయేవాడు. ఇంటావిడ "బాగుందండీ" అనేదాకా గుమ్మం దాటేవాడు కాదు. అనకపోతే తనే అనిపించేవాడు.

"ఒక్క పసుపు నాలుక చూపించండమ్మా, చూద్దాం."

అలాంటివాడికి దొరికి దొరికి కుండలు చేసే ఇంట్లో పిల్ల దొరికింది. పిల్ల బంగారం, ఆ విషయంలో అతనికి ఏనాడూ ఫిర్యాదు లేదు. చిక్కంతా అత్తగారితోనే, పైగా కాపురం ఆవిడ ఇంట్లోనే. ఆవిడ చేసే ఎర్రగిన్నెల కోసం ఎక్కడెక్కడివాళ్ళో వెతుక్కుంటూ వచ్చేవారు. చిన్న గిన్నె, అరచేతిలో ఇమిడేంత. దానికి ఆవిడ పూసే పూతలో రవ్వంత రాగి ఉంటుంది. కాల్చకముందు చూస్తే బియ్యం కడిగిన నీళ్ళలా ఉంటుంది, ఎవరూ రెండోసారి చూడరు. కాల్చి తీశాక మాత్రం దానిమ్మ గింజ ఎరుపు. నలభై ఏళ్ళుగా ఆ ఎరుపు ఆవిడదే. మట్టి తొక్కడం, సారె తిప్పడం, పూత పూయడం ఎవరికైనా నేర్పేది. కాల్పు దగ్గరికి మాత్రం కన్నకూతుర్ని కూడా రానిచ్చేది కాదు.

ఆవిడకి పెరట్లో కట్టెల బట్టీ ఉండేది. ఒకప్పుడు ఆ ఇంటి చుట్టూ ఖాళీ. తర్వాత ఒకవైపు మేడలు లేచాయి, ఇంకోవైపు అపార్టుమెంటు లేచింది. బట్టీ వెలిగించిన రోజున పై అంతస్తుల్లో ఆరేసిన బట్టలన్నీ బూడిదరంగుకి తిరిగేవి. మొదట్లో నవ్వుతూ చెప్పారు, తర్వాత నవ్వకుండా చెప్పారు. చివరికి అందరూ కలిసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. వాళ్ళ మాటలోనూ న్యాయముందని అత్తగారే ఒప్పుకుంది. ఆ రాత్రి ఆవిడ అన్నం సరిగా తినలేదు.

అప్పుడు మన నీలిమంట ముందుకొచ్చాడు.

"నేనున్నాగా అత్తయ్యా. గ్యాసు బట్టీ కడతాను. పొగ చుక్క కనబడకుండా మీ ఎరుపు మీకు తెప్పిస్తాను."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది.

"వస్తుందా?"

"మంట సంగతి నాకొదిలెయ్యండి."

కట్టెల బట్టీని అతనే కూల్చాడు. ఒక్కో ఇటుకా ఊడదీసి గోడవార పేరుస్తుంటే అత్తగారు వాకిట్లో నిలబడి చూసింది. రెండు నెలలు కొట్టు సాయంత్రం నాలుగింటికే మూసేసి గ్యాసు బట్టీ కట్టాడు. పెద్దదేం కాదు, బట్టలబీరువాలో సగం ఉంటుంది. ఇనప చట్రంలో తేలికపాటి తెల్ల ఇటుకలు, అడుగున రెండు బర్నర్లు, వెనకవైపు పొగగొట్టం. పొగగొట్టంలో ఒక సందు, ఆ సందులో లోపలికీ బయటికీ జరిపే అడ్డుపలక. తలుపు మధ్య వేలు పట్టేంత కన్నం, లోపల ఏం జరుగుతోందో చూడ్డానికి. వేడి చెప్పడానికి అంకెలు మెరిసే మీటరు. గ్యాసుతో పనిచేసేవాడు గనక మూసిన గదిలో బట్టీ పెట్టకూడదని తెలుసు, అందుకని షెడ్డుకి రెండువైపులా గోడే పెట్టలేదు. బట్టీ చూడ్డానికి ముచ్చటగా ఉంది, అతనైతే దాని చుట్టూ రోజుకి పదిసార్లు తిరిగాడు.

మొదటి కాల్పు రోజున మంట చూసి అతనికి కడుపు నిండిపోయింది. నీలం, శుభ్రం. పొగగొట్టం చివర మసి జాడే లేదు. పై అంతస్తులవాళ్ళని పిలిచి మరీ చూపించాడు. మీటరు గంటగంటకీ చెప్పినట్టు పెరిగి సాయంత్రానికి పన్నెండు వందల ఎనభై డిగ్రీలకి చేరింది. గ్యాసు కట్టేసి, ఒకరోజంతా చల్లారనిచ్చి, తలుపు తీశాడు.

గిన్నెలన్నీ లేత ఆకుపచ్చగా ఉన్నాయి.

అత్తగారు ఒకటి చేతిలోకి తీసుకుంది, తిప్పి చూసింది, కింద పెట్టింది.

"ఇవి ఎవరివి అల్లుడుగారూ?"

మామూలుగా ఆవిడ అతన్ని అల్లుడూ అని, నువ్వూ అని పిలుస్తుంది. 'గారు' తగిలిందంటే లోపల నిప్పు రాజుకున్నట్టు లెక్క.

"మొదటిసారి కదత్తయ్యా. మంటకి గాలి సరిగా అందలేదేమో. రెండోసారి చూడండి."

రెండోసారి గాలి రింగులు బార్లా తెరిచాడు. అడ్డుపలక పూర్తిగా బయటికి లాగేశాడు. జెట్టులు విప్పి కడిగి బిగించాడు. అంత శుభ్రమైన మంట తన జన్మలో చూడలేదు. ఆ మంటలోంచి అంతకన్నా శుభ్రమైన, నిక్కమైన ఆకుపచ్చ వచ్చింది. కొత్తగా వచ్చిన చిగురులా ఉంది, ఇంకెవరైనా అయితే ఎంత బాగుందో అనేవారు. అత్తగారు ఈసారి ఏ గిన్నెనీ ముట్టుకోలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

మూడు రోజుల తర్వాత, రాత్రి భోజనాల దగ్గర, భార్య మెల్లగా చెప్పింది.

"అమ్మ సారె మీద కూర్చోవడం మానేసింది. పూత కలిపే బకెట్టు కడిగి బోర్లించేసింది. ముందే పూసిపెట్టిన గిన్నెలు ఇరవై ఉన్నాయట. అవి కూడా కాల్చి, రాకపోతే ఇంక ఎర్రవి చెయ్యదట."

"చెయ్యకపోవడమేంటి?"

"చెయ్యదంతే. మామూలు మట్టిపాత్రలు చేసుకుంటానంది. మీకు చెప్పొద్దంది, కోపం తెచ్చుకోకండి."

అతనికి కోపం రాలేదు. సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. కట్టెల బట్టీని కూల్చింది తను. మళ్ళీ కడదామన్నా చుట్టుపక్కలవాళ్ళు కట్టనివ్వరు. అంటే ఆ ఎరుపు ఈ లోకంలోంచి పోతే, పోగొట్టింది తనే. నలభై ఏళ్ళు ఆవిడ చేతిలో ఉన్నదాన్ని రెండు కాల్పుల్లో బూడిద చేశాడు. పైగా మంట సంగతి నాకొదిలెయ్యండి అని కోతలొకటి. ఆ వారం అతను కొట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఆ తర్వాతి సోమవారం ఒక రిటైరయిన హెడ్మిస్ట్రెస్ ఇంటినుంచి కబురొచ్చింది. గిన్నెలన్నీ అడుగున నల్లబడుతున్నాయి. వెళ్ళాడు. మంట చూశాడు, పసుపుగా, బద్ధకంగా, అటూ ఇటూ ఊగుతోంది. స్టవ్వు కట్టేసి పిన్ను తీశాడు. హెడ్మిస్ట్రెస్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆవిడకి అన్నీ కారణంతో సహా కావాలి.

"ఈ మసి ఎందుకొస్తుందయ్యా?"

"మంటకి గాలి చాలకపోతే వస్తుందమ్మా. గ్యాసు సగమే కాలుతుంది. ఆ మంట ఆకలి మీదుంటుంది, గాలి ఎక్కడ దొరుకుతుందా అని తడుముకుంటూ ఉంటుంది."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే... దేంట్లో ఉంటే దాంట్లోంచి లాక్కుంటుంది."

పిన్ను జెట్టులోనే ఉండిపోయింది. స్టవ్వుకి వచ్చే రాగి గొట్టం మీద అతని చూపు పడింది. గొట్టం పాతది, కీలు దగ్గర ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంది. రాగిని గాలికి వదిలేస్తే పచ్చబడుతుంది. అదే గొట్టానికి అతుకు వెయ్యడానికి ఆకలి మంట చూపిస్తే? ఎన్ని వందలసార్లు చూశాడు, పచ్చంతా పోయి ఎర్రగా మెరుస్తూ తేలుతుంది. అత్తగారి పూతలో ఉన్నదీ రాగే.

"ఏమయిందయ్యా?"

"అమ్మా, నేనొక పెద్ద గాడిదనమ్మా," అన్నాడు నీలిమంట.

"స్టవ్వు సంగతి చెప్పు ముందు."

స్టవ్వు బాగుచేశాడు గానీ, "బాగుందండీ" అనిపించుకోవడానికి ఆగలేదు. సంచీ అక్కడే మర్చిపోయి ఇంటికి పరిగెత్తాడు. అత్తగారు వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అత్తయ్యా, మీ పాత బట్టీ ఎప్పుడు పొగ కక్కేది?"

"ఎప్పుడేమిటి? పొగ పట్టించడమే కదా పని."

"వెలిగించిన దగ్గర్నుంచీనా?"

"అబ్బే. ముందు సన్న కట్టెలతో మెల్లగా వేడెక్కించేదాన్ని. లోపల గిన్నెలు నిప్పుకణికల్లా కనబడేవేళకి పెద్ద కట్టెలు కుక్కేదాన్ని. పూత కరగకముందే పొగ పట్టాలి. కరిగి అద్దంలా మూసుకుపోయాక ఎంత పట్టించినా లోపలికి పోదు."

అతను స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదత్తయ్యా!"

"నువ్వడిగావా?" అంది ఆవిడ, చేతిలో కాయ ఆపకుండానే. "పొగ చుక్క లేకుండా తెప్పిస్తానన్నావు. గ్యాసు గురించి నాకేం తెలుసు. తెలిసే అంటున్నావనుకున్నా."

అందులో దెప్పిపొడుపేం లేదు. మామూలుగానే అంది. అందుకే అతనికి సూటిగా తగిలింది. రెండు నెలలు ఇటుకలు కోశాడు, ఇనుము అతికాడు, మీటరు కొన్నాడు, ఎదురుగా నలభై ఏళ్ళ అనుభవం కూర్చుని ఉంటే ఒక్క మాట అడగలేదు. తను కట్టిన బట్టీలో లోపమేం లేదు. ఏ మంటని చూసి కాలరెగరేశాడో ఆ మంటే లోపం.

మూడో కాల్పు ఆదివారం పెట్టుకున్నారు. తెల్లవారుజామున వెలిగించారు. భార్య గిన్నెల్ని అరల మీద సర్ది, కన్నానికి ఎదురుగా మూడు సన్నటి మట్టిపుల్లలు నిలబెట్టింది. ఒక్కోటీ ఒక్కో వేడికి మెత్తబడి వంగిపోతుంది, మీటరు అబద్ధం చెప్పినా అవి చెప్పవు. తర్వాత నోటుబుక్కు పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. పావుగంటకోసారి మీటరు మీద అంకె రాయడం ఆమె పని. అత్తగారు ఒక బోర్లించిన తొట్టి మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

పదకొండింటికి మీటరు తొమ్మిది వందలు దాటింది. కన్నంలోంచి చూస్తే గిన్నెలు నిప్పుకణికల్లా ఉన్నాయి.

"ఇప్పుడు," అంది అత్తగారు.

అతను బర్నర్ల గాలి రింగులు సగం మూశాడు. పొగగొట్టం సందులోకి అడ్డుపలకని నాలుగు వేళ్ళ మేర తోశాడు. అప్పటిదాకా హోరుమంటున్న బట్టీ గొంతు తగ్గించింది. లోపల మంట పసుపుబారింది, మెల్లబడింది, గిన్నెల మధ్య నిద్రమత్తులో ఉన్నట్టు తిరగడం మొదలెట్టింది. కాసేపటికి తలుపు కన్నంలోంచి పసుపురంగు నాలుకొకటి బయటికొచ్చి వేలాడింది.

ఇరవై రెండేళ్ళు ఏ మంట కనబడితే శత్రువు కనబడినట్టు పిన్ను తీశాడో, ఆ మంటని తన చేత్తో తనే తయారుచేశాడు. రెండుసార్లు తెలియకుండానే చెయ్యి గాలి రింగు మీదికి పోయింది. రెండుసార్లూ భార్య గొంతు సవరించింది.

"ఎవరైనా చూస్తే నా పరువేం కావాలి," అని గొణుక్కున్నాడు.

"మీ పరువు బట్టీ లోపలుంది. బయటెవరికీ కనబడదులెండి," అంది భార్య.

నిజంగానే బయట పెద్దగా పొగ లేదు. పొగగొట్టం చివర గాలి కాస్త వణుకుతోంది, అంతే. పై అంతస్తులో ఎవరో దుప్పటి ఆరేసుకుంటున్నారు.

మధ్యాహ్నం మూడింటిదాకా బాగానే నడిచింది. పదకొండు వందల ఎనభై దగ్గర మీటరు ఆగిపోయింది. పావుగంట చూశారు, అదే అంకె. ఇంకో పావుగంట, అదే. పూత పూర్తిగా కరగాలంటే ఇంకో వంద కావాలి. వేడి చాలకపోతే గిన్నెలు గరుగ్గా, నిర్జీవంగా ఉండిపోతాయి. పలక లాగేసి గాలి వదిలితే వేడి జరజరా ఎక్కుతుంది, ఎరుపు కూడా అంత జరజరా పోతుంది.

వేడి చాలకపోతే స్టవ్వువాడు ఏం చేస్తాడు? గ్యాసు పెంచుతాడు. అతనూ పెంచాడు.

"పదకొండు వందల డెబ్భై ఆరు," అంది భార్య.

"ఏంటీ?"

"తగ్గింది."

ఇంకాస్త పెంచాడు. కన్నంలోంచి నాలుక జానెడయింది, చివర్న నల్లటి మసి లేచింది.

"డెబ్భై ఒకటి."

బర్నర్ల ముందు గొంతుక్కూర్చుని వాల్వు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. ఎంత గ్యాసు పోస్తే అంత చల్లబడే పొయ్యిని అతనెప్పుడూ చూడలేదు. ఇరవై గిన్నెలు లోపలున్నాయి, అవే ఆఖరివి.

"తిండి ఎక్కువైంది," అంది వెనకనుంచి అత్తగారు.

అతను తల తిప్పాడు.

"కట్టెలు మరీ ఎక్కువ కుక్కితే నా బట్టీ కూడా ఇలాగే అలిగేది. ఊపిరాడదు దానికి. అప్పుడు కట్టె వెయ్యడం ఆపేసేదాన్ని. కాసేపటికి అదే ఎక్కేది."

"వేడి పెరగాలంటే గ్యాసు తగ్గించమంటారా?"

"నీ గ్యాసు నాకు తెలీదన్నాగా. నా కట్టెల సంగతి చెప్పాను."

వాల్వు తగ్గించే వైపు తిప్పడానికి అతని చెయ్యి ఒప్పుకోలేదు. వేళ్ళకి అలవాటైన దారి వేరు. కళ్ళు మూసుకుని కొంచెం తిప్పాడు. ఇంకొంచెం తిప్పాడు. నల్లటి మసి పోయింది. నాలుక జానెడునుంచి చిన్నదయింది.

"ఇంకా పొడుగుంది. వేలెడు చాలు," అంది ఆవిడ. ఈసారి తొట్టి మీంచి లేచి పక్కకొచ్చి నిలబడింది.

అడ్డుపలకని గోరంత బయటికి లాగాడు.

"ఆఁ. అక్కడ వదిలెయ్."

ముగ్గురూ మీటరు వంక చూస్తూ నిలబడ్డారు. డెబ్భై ఒకటి. డెబ్భై ఒకటి. మళ్ళీ డెబ్భై ఒకటి. భార్య పెన్ను కొరుకుతోంది. డెబ్భై రెండు. నాలుగున్నరకి ఎనభై దాటింది, ఆ తర్వాత ఆగలేదు. ఆరున్నరకి కన్నంలోంచి చూస్తే మూడో మట్టిపుల్ల కూడా నడుం వంచేసింది. గ్యాసు కట్టేశాడు.

మంగళవారం పొద్దున తలుపు తీశారు.

ముందు వరసలోనే కనబడింది. ఎరుపు. నిండు ఎరుపు, అంచు దగ్గర పల్చబడి తెల్లగీత కట్టిన ఎరుపు. ఎడమ బర్నరు పక్కనున్న మూడు గిన్నెలు మాత్రం ముదురు గోధుమరంగుకి తిరిగాయి. మిగతా పదిహేడూ ఒకదాన్ని మించి ఒకటి. భార్య "అమ్మా!" అని అరిచి ఏడ్చేసింది. అతనికి ఏడుపు రాలేదు. తన కొట్టుకొచ్చి ఎవరు ఎన్ని మెచ్చుకున్నా ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు. నా బట్టీ, నా మంట, అని లోపల ఒకటే పాట.

అత్తగారు గిన్నెలన్నీ ఒక్కొక్కటిగా దించి బల్ల మీద వరసగా పెట్టింది. ఒక్కోదాన్నీ వెలుతురుకి పట్టి చూసింది, గోటితో మీటి విన్నది. ఆవిడ ఏమంటుందా అని అతను కాచుకుని ఉన్నాడు.

"మంచి ఎరుపు అల్లుడూ," అంది. "నా పాత బట్టీలో కూడా ఒక్కసారికి పదిహేడు వచ్చేవి కావు. సగం పోయేవి."

"అంతా మీ సలహానే అత్తయ్యా," అన్నాడు, ముఖం వెలిగిపోతుంటే.

"కానీ ఇది నాది కాదు."

అతనికి అర్థం కాలేదు.

"గిన్నె నాది, పూత నాది. ఎరుపు నీది. నలభై ఏళ్ళు నా బట్టీకి నేనే తిండి పెట్టాను. ఏ కట్టె ఎప్పుడు పడాలో ఈ చేతులకి తెలుసు. మొన్న పొద్దున్నించి సాయంత్రందాకా వీటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా." ఆవిడ తన చేతుల్ని తనే చూసుకుంది. "నువ్వు తెప్పిస్తానన్నది నా ఎరుపు కదా. అది ఇంకా రాలేదు."

అతనికి అప్పుడు తెలిసింది తను ఇటుక ఇటుకా ఊడదీసి గోడవార పేర్చింది దేన్నో. ఎరుపు పోయిందని బాధపడ్డాడు గానీ, ఆవిడ పని పోయిందని అతనికి తట్టనే లేదు. ఎరుపు వచ్చినంత మాత్రాన ఆ తప్పు తీరదు. సిగ్గుతో తల వాలిపోయింది.

అత్తగారు చీరకొంగు నడుముకి దోపి బర్నర్ల ముందు కూర్చుంది. డెబ్భై దగ్గర పడిన మనిషి, ఎవరి దగ్గరా ఏదీ అడిగి ఎరగని మనిషి.

"ఏది, ఎటు తిప్పితే ఏమవుతుందో చెప్పు. నాకు నేర్పు."

అతనూ పక్కన కూర్చున్నాడు. గ్యాసు వాసన వస్తే ముందు ఏం చెయ్యాలో చెప్పాడు. వెలిగించే వరస చెప్పాడు. వాల్వు, గాలి రింగు, అడ్డుపలక, ఒక్కోదానితో మంట ఎలా మారుతుందో వెలిగించి చూపించాడు. చెప్పిందే నాలుగుసార్లు చెప్పాడు, అయిదోసారికి ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"నా చెవులు బాగానే ఉన్నాయి అల్లుడూ."

ఆ మధ్యాహ్నమే పూత బకెట్టు మళ్ళీ నిలబడింది. మూడు వారాల తర్వాత నాలుగో కాల్పు. ఈసారి వాల్వు ఆవిడ చేతిలో ఉంది. అతను కొట్టు మూసుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. తొమ్మిది వందల దగ్గర పలక తోసింది ఆవిడ. మీటరు వంక చూడనే లేదు, కన్నంలోంచి గిన్నెల రంగు చూసి తోసింది. తోశాక నాలుక రాలేదు. ఆవిడ తొందరపడలేదు, ఇంకో వేలెడు తోసింది. వచ్చింది.

పన్నెండు వందలకి కాస్త ముందు, మీటరు మళ్ళీ మొరాయించింది. అతని చేతులు దురద పెట్టాయి. చెబుదామని నోరు తెరిచాడు. భార్య స్టూలు మీంచి ఒక చూపు చూసింది, నోరు మూసుకుని చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అతను తన జీవితంలో చేసిన అతి కష్టమైన పని అదే. అయిదు నిమిషాలు గడిచాయి. ఆవిడ ఒక చెవి బట్టీ వైపు పెట్టి వింటోంది. పది నిమిషాలు. ఆవిడ వేళ్ళు వాల్వు మీదికి వెళ్ళాయి, తగ్గించే వైపు తిప్పాయి, ఒకసారి ఆగి, మళ్ళీ ఇంకొంచెం తిప్పాయి. పలక వైపు చూసి, వద్దనుకుని వదిలేసింది.

అంకె కదిలింది. పైకి.

తిరిగి చూడకుండానే ఆవిడ అంది, "పెరిగింది కదూ?"

"మీకెలా తెలుసత్తయ్యా? మీటరు అటుంది."

"గొంతు మారింది."

అతనికి వినబడలేదు. ఇరవై రెండేళ్ళు మంటలతో బతికినవాడికి వినబడలేదు. అయినా చిన్నతనం అనిపించలేదు సరికదా, ఈవిడ మా అత్తగారు అని వీధిలోకి వెళ్ళి అందరికీ చెప్పాలనిపించింది.

ఈసారి వచ్చిన ఎరుపు వేరు. కాస్త ముదురు, అడుగున చిక్కబడి నల్లెరుపుకి తిరిగింది, ఒక పక్క మంట ఎక్కువ తాకిన చోట చిన్న మబ్బులా పల్చబడింది. ఇరవైలో పన్నెండే వచ్చాయి. ఆవిడ మొదటి గిన్నె బయటికి తీసి రెండు చేతుల్లో పట్టుకుని షెడ్డు బయటికి, ఎండలోకి నడిచింది. అక్కడే చాలాసేపు నిలబడింది. అతనూ భార్యా లోపలే ఉండిపోయారు.

తర్వాతి వారం పాత కొనుగోలుదారొకాయన ముందుగదిలోకి వచ్చాడు. అతను వరండాలో కూర్చుని ఎవరిదో స్టవ్వు విప్పుతున్నాడు, లోపలి మాటలు వినబడుతున్నాయి.

"రెండు అరలెందుకమ్మా? రెండూ ఎర్రవేగా?"

"సరిగ్గా చూడండి. ఈ అర నాది."

"మరి అదీ?"

"అది మా అల్లుడిది," అంది అత్తగారు. "మీకు ఏది కావాలో ఆయన్నడిగి తీసుకోండి. వరండాలో ఉన్నారు."